సిల్లంగిని హిందీలో ఏమంటారంటే

మా ఆవిడకి దిష్టి తీయడం వచ్చు. టాటానగర్ రైల్వే క్వార్టర్లలో వాళ్ల అమ్మమ్మ దగ్గర నేర్చుకుంది. నాకేమో దేవుడూ లేడు, దెయ్యమూ లేదు. ఫ్యాక్టరీలో క్రేన్ నడిపినోణ్ణి. తాడు ఎంత బరువు మొయ్యగలదో, అదొక్కటే నమ్మేవాణ్ణి.

పెళ్లికి ముందు ఒకసారి వాళ్లింటికి భోజనానికి వెళ్లి, నోరు జారి తలనొప్పన్నాను. అంతే! ఉప్పూ ఎండుమిరపకాయలూ నా తల చుట్టూ మూడుసార్లు తిప్పి పొయ్యిలో పడేసింది. "ఒక్క దగ్గైనా వచ్చిందేటి? అంత దిష్టుంది నీకు" అంది. "నీ మిరపకాయలు పాతవి" అని, అదే డబ్బాలోంచి ఇంకో నాలుగు తీసి, ఏ దిష్టీ తియ్యకుండా నేనే మంటలో వేశాను. ఓలమ్మో! ఇల్లంతా దగ్గే. నాకు కాబోయే మావగారు తువ్వాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని వీధిలోకి పరుగెత్తారు. ఆ పిల్ల మాత్రం కళ్లమ్మట నీళ్లు కారుతున్నా పడీ పడీ నవ్వింది. ఆ నవ్వుకి పడిపోయాను.

"నానే కట్టీసినాను నిన్ను" అనేది పెళ్లయ్యాక. "అయితే విప్పీ, సూద్దాం" అనేవాణ్ణి. "విప్పితే కూడెవలు పెడతారు మావా నీకు?"

అలాగ దాన్ని ముద్దుగా 'సిల్లంగి' అని పిలవడం మొదలెట్టాను. చేతబడి చేసేవాళ్లని మా పెద్దలు వలస వచ్చిన శ్రీకాకుళం వైపు అలాగే అంటారు. టాటానగర్‌లోనే, గోల్‌మురి క్వార్టర్‌లో ముప్పై ఏళ్లు ఆ పిలుపుతోనే గడిచాయి. మాకు పిల్లల్లేరు. పక్కింటి కోడలు, బిహారీ పిల్ల, తన ఏడాది పాపని మా ఆవిడ ఒళ్లో పడేసి వంట చేసుకునేది. ఆ గుంటే మా ఆవిడకి లోకం.

కిందటేడు ఓ పొద్దున్న ఆ కోడలు నన్ను హిందీలో అడిగింది, మీరు రోజూ పిలుస్తారే, సిల్లంగీ అంటే ఏమిటని.

"డాయన్" అనీసాను, నవ్వుతూ. నా నోరు పడిపోను! తెలుగులో అది మొగుడూ పెళ్లాల సరసం. ఈ చుట్టుపక్కల ఆ ముద్ర వేసి ఆడాళ్లని కొట్టి చంపిన ఊళ్లున్నాయి. ఇక్కడే పుట్టి పెరిగినోణ్ణి, నాకు తెలీదా?

మూడో రోజుకి గుంటకి జ్వరం వచ్చింది. వారంలో తగ్గిపోయింది కూడా. కానీ ఆ కోడలు గుంటని మళ్లీ మా గుమ్మం తొక్కనివ్వలేదు. వెళ్లి, మజాక్ అని ఎంతో చెప్పాను. ఆవిడ మొగుడు కిటికీలోంచే నమస్తే పెట్టాడు, తలుపు తియ్యలేదు. రెండు నెలలకి బారిడీహ్‌లో ఇల్లు చూసుకుని వెళ్లిపోయారు. మా ఆవిడ దిష్టి తీయడం మానేసింది. ఎవరైనా వచ్చి అడిగితే, మర్చిపోయానంటుంది.

మొన్న మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ గరిటె ఆపింది.

"మావా, నిజం సెప్పు. ఆ గుంట జొరం నా వల్లే వచ్చిందేటి?"

"పిచ్చిదానా, అలాంటివేవీ ఉండవే" అన్నాను.

"నువ్వు దేన్నైనా నేదనే అంటావు. దిష్టిని నమ్మినోలు ఎవలైనా వచ్చి, నీ వల్ల కాదే అనాలి. అప్పుడు నమ్ముతాను" అంది.