ఆ నాలుగు నిమిషాలు మాట్లాడిందెవరు

దయ్యాల కథలు చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండేది. నగరిలో మా పుట్టింటి వెనక గోడ దూకితే శ్మశానమే. చిన్నప్పుడు సంక్రాంతి సెలవుల్లో ఆ గోడెక్కి చింతకాయలు రాల్చుకుని, ఉప్పూ కారం అద్దుకుని తిన్నవాళ్లం. ఏ దయ్యమూ వచ్చి నాకూ రెండు పెట్టమని అడగలేదు. ఇప్పుడు నేను రాసేది చదివి ఎవరైనా నవ్వితే తప్పు పట్టను. ఒకప్పుడైతే నేను వాళ్లకంటే గట్టిగా నవ్వేదాన్ని.

ముందు నా పని గురించి చెప్పాలి. మా నగరి వైపు తెలుగూ అరవం రెండూ నోట్లో పక్కపక్కనే పెరుగుతాయి. పెళ్లయ్యాక కొన్నేళ్లు సూళ్లూరుపేటలో ఉన్నాం. అక్కడి నుంచి రోజూ లోకల్ ట్రైన్‌లో వెళ్లి, తమిళనాడు వైపు ఉన్న శ్రీలంక శరణార్థుల క్యాంపులో పిల్లలకు చదువు చెప్పాను. వాళ్ల తమిళం వేరు, ఆ యాస వేరు. నాకది అక్కడ పట్టుబడింది.

తర్వాత తిరుపతి వచ్చేశాం. కొర్లగుంటలో అద్దె ఇల్లు. ఆ ఇంట్లో కూర్చునే ఒక ఏజెన్సీ తరఫున ఫోన్‌లో దుబాసీ పని మొదలుపెట్టాను.

ప్రాణభయంతో ఊరొదిలి యూరప్ సరిహద్దు దాకా చేరిన శ్రీలంక తమిళులు కొందరుంటారు. మమ్మల్ని వెనక్కి పంపొద్దు, ఇక్కడ తలదాచుకోనివ్వండి అని అడుగుతారు. అసైలం అంటే అదే. అక్కడి అధికారి వాళ్లను కూర్చోబెట్టి ప్రశ్నలు వేస్తాడు. ఆయన ఇంగ్లీషును నేను తమిళంలో చెప్పాలి, వాళ్ల తమిళాన్ని ఇంగ్లీషులో చెప్పాలి. ఒక్క మాట కలపకూడదు, ఒక్క మాట వదలకూడదు. 'ఈమె ఏడ్చానంటోంది' అనకూడదు. 'నేను ఏడ్చాను' అనాలి. ఎదుటి మనిషి కథేమిటో ముందుగా మాకు ఒక్క కాగితం కూడా ఇవ్వరు. ఈ చివరి సంగతి గుర్తుపెట్టుకోండి.

మా ఆయన ఇరవై రెండేళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసిన మనిషి. నా పనంటే ఆయనకు మొదట్నుంచీ గిట్టదు.

"వాళ్ల దేశం, వాళ్లిష్టం. రానిస్తారో తరిమేస్తారో, మధ్యలో నీకెందుకే?" అనేవాడు.

"రానిచ్చేది, రానీకుండేది తర్వాత సంగతి. తలుపు తట్టిన మనిషిని ఎవురు నువ్వు, ఏం కష్టమొచ్చె అని అడగల్లగదా? అడక్కుండానే మెడబట్టి గెంటితే ఆ ఇంట్లో మనుషులుండారని ఎట్ల అనుకోవాల?" అన్నాను ఒకసారి. ఆయన పేపరు తిప్పుకున్నాడు.

అది మే నెల. మాకు మధ్యాహ్నం రెండున్నర, వాళ్లకు ఉదయం పదకొండు. మైకులో ఫ్యాను చప్పుడు పడుతుందని ఫ్యాను ఆపి, తలుపు గడియ పెట్టి, తడిగుడ్డ మెడకు చుట్టుకుని కూర్చున్నాను. పట్టపగలు. కడుపునిండా తిన్నాను, నిద్ర మత్తు లేదు, జ్వరం లేదు.

అటువైపు గదిలో ముగ్గురున్నారని మొదట్లోనే చెప్పారు. ప్రశ్నలు అడిగే అధికారి. ఆశ్రయం అడిగేవాళ్ల తరఫున ఒక లాయరమ్మ. ఆశ్రయం అడుగుతున్న అమ్మాయి. ఆ అమ్మాయిని సెల్వి అని పిలుస్తాను, అసలు పేరు అది కాదు. ఏ దేశమో కూడా చెప్పను. బల్ల మీద ఫోను, ఫోన్‌లో నేను.

సెల్వి చెప్పింది ఇదీ. ఊళ్లో తన అన్నను పట్టుకుపోవడానికి మనుషులు తిరుగుతుంటే ఇద్దరూ పారిపోయి వచ్చారు. మొదటిసారి నది దాటి ఈ దేశం ఒడ్డున కాలు పెట్టగానే సరిహద్దు కాపలావాళ్లు పట్టుకున్నారు. అన్న ఆశ్రయం అడిగాడు. వాళ్లు వినలేదు. సాయంత్రం దాకా వ్యానులో ఉంచి, తిరిగి నదిలోకి దింపారు. అన్న కొట్టుకుపోయాడు. తను మాత్రం అవతల ఒడ్డుకు చేరి, కొన్నాళ్లకు మళ్లీ దాటి ఇక్కడికొచ్చింది.

అధికారి గొంతు మర్యాదగానే ఉంది. "మా రికార్డు ప్రకారం ఆ రోజు నది దగ్గర ఎవరినీ వెనక్కి పంపలేదు. నిజమైతే ఆ చోటు ఎలా ఉంటుందో చెప్పండి" అన్నాడు.

అదే అసలు ముడి. ఆ చోటు చెప్పలేకపోతే ఆ అమ్మాయి అబద్ధమాడిందని రాస్తారు. అలా రాస్తే నెలలోపే వెనక్కి పంపుతారు, చివరికి అన్నను వెతికినవాళ్లున్న ఊరికే.

సెల్వి "నీళ్లు... మసకచీకటి..." అని ఆగిపోయింది.

"చెప్పలేకపోయిందని రాసుకుంటాను" అన్నాడు అధికారి. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అన్న కళ్లముందు మునిగిపోతుంటే గట్టు మీద గుర్తులు చూసుకుంటూ కూర్చుంటుందా! కానీ అలాంటివి నేను అనకూడదు. ఆయన మాటను ఉన్నదున్నట్టు తమిళంలో చెప్పి పళ్లు నూరుకున్నాను.

అప్పుడు ఒక మగగొంతు తమిళంలో "నేను చెప్తాను" అంది. కొంచెం బొంగురు గొంతు, తొందరలేని మాట.

కొత్తగా ఎవరైనా మాట్లాడితే ఆపి, ఎవరని అడగాలి. అది నియమం. నేను అడగలేదు. ఎవరో ఒకరు నోరు తెరిచారు, అదే చాలు అనుకున్నాను. ఆ పనిలో ఉన్నవాళ్లకు తెలుస్తుంది, ఊపులో పడితే చెవికీ నోటికీ మధ్య మనం ఉండం.

ఆ గొంతు చెప్పినదాన్ని తెలుగులో రాస్తున్నాను. "ఒడ్డున నలుగురు యూనిఫాం వాళ్లున్నారు. చేతులెత్తి అసైలం అన్నాను. మూడుసార్లు అన్నాను. నాకొచ్చిన ఇంగ్లీషు అదొక్కటే. మా బూట్లు, ఫోన్లు తీసుకున్నారు. దింపిన చోట గట్టు మీద పంపు షెడ్డు ఉంది. నీలం తలుపు, కిందిసగం విరిగిపోయింది. షెడ్డు నుంచి పైపులు నీళ్లలోకి దిగుతాయి."

నేను మధ్యలో తమిళంలో "మెల్లగా చెప్పండి. ఎన్ని పైపులు?" అని అడిగాను.

"రెండు. రెండోదాని కింద చెట్టు వేళ్లున్నాయి. నేను అక్కడ ఆగిపోయాను."

"నేను అక్కడ ఆగిపోయాను" అని ఇంగ్లీషులో చెప్పాను. అది చెప్పాక కూడా నాకు వెలగలేదు.

అధికారి మాత్రం, "దుబాసీ గారూ, నాలుగు నిమిషాలుగా ఈ గదిలో ఎవరూ నోరు తెరవలేదు. మీరు ఎవరి మాటలు చెబుతున్నారు?" అన్నాడు.

చెమటంతా చల్లబడింది. తమిళంలో "నీ పక్కన మాట్లాడిందెవరమ్మా?" అని సెల్విని అడిగాను.

"ఎవరూ మాట్లాడలేదక్కా. మీరే ఇంగ్లీషులో ఏదో చెప్తున్నారు" అంది. ఇంగ్లీషు రాదు కాబట్టి ఆ అమ్మాయికి అప్పటికి ఏమీ తెలియదు.

ఇంటర్వ్యూ అక్కడితో ఆపేశారు. ఆ నాలుగు నిమిషాల మాటలూ లెక్కలోకి రావని రాసుకున్నారు. దుబాసీ సొంతంగా కథ అల్లిందని నా మీద ఫిర్యాదు వెళ్లింది, ఏజెన్సీ నన్ను తీసేసింది. వాళ్లను తప్పుపట్టలేను. నేనైనా అదే చేసేదాన్ని. పని పోతే పోయింది. నా నోటివల్ల ఆ అమ్మాయిని నదిలోకి తోస్తారేమో అన్నదే నా బాధ. రెండ్రోజులు ముద్ద దిగలేదు.

"గాలి గీలి సోకిండాదా నీకు?" అని మా ఆయన మొదట ఎగతాళి చేశాడు. నా ముఖం చూసి ఆపాడు. "ఏదో క్రాస్ టాక్ అయ్యుంటాదిలే. మా కాలంలో ఒకరి మాట ఇంకొకరికి వినపడేది మామూలే" అన్నాడు.

వారం తర్వాత లాయరమ్మ రికార్డింగు తెప్పించుకుని, నన్ను కూడా వినమని కాల్ చేసింది. మా ఆయన పక్కనే కూర్చుని విన్నాడు. అందులో మగగొంతు లేదు. నా ఇంగ్లీషు ఉంది. వాక్యానికీ వాక్యానికీ మధ్య ఖాళీ ఉంది, ఒక మనిషి మాట్లాడి ముగించేంత ఖాళీ. నేను "మెల్లగా చెప్పండి. ఎన్ని పైపులు?" అనడం ఉంది. తర్వాత ఖాళీ. తర్వాత "రెండు" అని ఇంగ్లీషులో నా గొంతు.

మా ఆయన మూడుసార్లు పెట్టించుకుని విన్నాడు. "ఇంటర్నెట్ కాల్‌లో క్రాస్ టాక్ యాడుంటాది? ఉన్నా రికార్డింగులో పడల్లగదా" అని తనలో తనే అనుకున్నాడు. ఆ రోజు నుంచి నా పని గురించి వెటకారం మానేశాడు.

పంపు షెడ్డు సంగతి సెల్వి లాయరుకు కూడా ఎప్పుడూ చెప్పలేదు. తను చూసి కూడా ఉండదు. అయినా లాయరమ్మ ఊరుకోలేదు. తెలిసినవాళ్లను పంపించి, ఆ నది గట్టు వెంట వెతికించింది. పదకొండో రోజున దొరికింది. నీలం తలుపు, కిందిసగం విరిగింది. రెండు పైపులు. రెండోదాని కింద వేళ్లలో బెల్టు చిక్కుకుని ఒక శరీరం. సెల్వి రక్తంతో పోల్చి చూశారు. ఆమె అన్నే.

ఆ రోజు ఎవరినీ వెనక్కి పంపలేదన్న రికార్డు అక్కడ నిలబడలేదు. సెల్విని పంపించే పని ఆపి, ఆమె మాట మొదటినుంచీ వినాలని కోర్టు చెప్పింది. ఈసారి వేరే దుబాసీని పెట్టారు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఒక మనిషి మాట వినడానికి ఇంత జరగాలా?

ఆ తర్వాత కొన్ని నెలలకు సెల్వి నాతో మాట్లాడాలనుకుంటోందని లాయరమ్మ ఫోన్ కలిపింది. సెల్విని అక్కడ ఉండనిచ్చారట. ఆ నాలుగు నిమిషాల సంగతి లాయరమ్మ ఆమెకు అప్పటికే చెప్పింది. బాగున్నారా, తిన్నారా అని ఇద్దరం ఏవేవో మాట్లాడుకున్నాం.

అప్పటిదాకా నేను లాయరమ్మకు గానీ, మా ఆయనకు గానీ చెప్పని సంగతి ఒకటుంది. అధికారి నన్ను ఆపి మాట్లాడుతున్నప్పుడు, ఆయన మాటల కిందే ఆ గొంతు ఇంకో వాక్యం అంది. దాన్ని నేను ఇంగ్లీషులో చెప్పలేదు, నోట్‌బుక్‌లో మాత్రం రాసుకున్నాను. చెప్పాలా వద్దా అని నెలల తరబడి కొట్టుకున్నాను. ఆ రోజు చెప్పేశాను.

"మీ అన్న ఇంకోమాట అన్నాడమ్మా. 'చెయ్యి వదిలింది చెల్లి కాదు, నేనే వదిలించుకున్నాను. లేకపోతే ఇద్దరం పోయేవాళ్లం' అన్నాడు."



"నేనే వదిలేశాననుకుంటున్నానక్కా ఇన్నాళ్లూ" అంది. "ఎవరికీ చెప్పలేదు. లాయరుకు కూడా నీళ్లే లాక్కుపోయాయని చెప్పాను." ఇక ఏడుపు ఆపుకోలేకపోయింది. నేనూ ఏడ్చాను.

కాసేపటికి తేరుకుని ఒకటే అడిగింది. "అక్కా, ఆ గదిలో కూర్చున్నది నేను. అన్న కోసం రోజూ చెవులు రిక్కించుకుని ఉన్నది నేను. మరి అన్న గొంతు నాకెందుకు వినపడలేదు?"

నాకు తెలియదని చెప్పాను. ఇప్పటికీ తెలియదు. తెలిస్తే ముందు ఆ పిల్లకే ఫోన్ చేసి చెబుతాను.