సగంలో ఆగిన వాంగ్మూలం

అమెరికాలో, ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్‌లో ఇంద్రజ రోజూ గోరు కొరుక్కుంటూ లాప్‌టాప్‌లో ఒకే పేజీ చదువుతుంది. రెండొందల యాభై ఏళ్ల కిందట రష్యా మహారాణి మీద పుగచోవ్ అనే నాయకుడి వెంట తిరగబడ్డ రైతుల గురించి ఆమె పీహెచ్‌డీ. ఆ పేజీ ఇవాన్ అనే రైతు వాంగ్మూలం. కొరడాతో కొడుతూ, "ఎందుకు తిరగబడ్డావు?" అని అడిగారు. పేజీ అక్కడితో అయిపోయింది. జవాబున్న తర్వాతి పేజీని మాస్కోలోని పాత రికార్డుల భాండాగారంలో ఫొటో తీసుకునేలోగా రష్యా యుద్ధానికి దిగి, అక్కడికి వెళ్లే దారి మూసుకుపోయింది. ఎనిమిదేళ్ల చదువు. మే నెలలోగా థీసిస్ ఇవ్వకపోతే సీటు పోతుందని, టాపిక్ మార్చమని నిన్న ప్రొఫెసర్ చెప్పాడు. అప్పటినుంచి ఆమె అన్నం ముట్టలేదు.

"ఎన్నడో పోయినోడి కోసం ఏడుస్తావేంది? టాపిక్ చేంజ్ చెయ్యి," అన్నాడు భర్త చక్రధర్.

"పోయాడని నువ్వంటున్నావు. నా దగ్గర అతన్ని ఇంకా కొడుతూనే ఉన్నారు," అంది ఇంద్రజ.

లాప్‌టాప్ మూయబోయిన చక్రధర్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.