చేతులు కట్టుకున్న ఇంజనీరు

వైశాలి నగర్‌లోని మా కుట్టు కేంద్రానికి సాయంగా ఒక కంపెనీ తన ఇంజనీరును శనివారాలు పంపేది. బడి యూనిఫాంల గడువు దగ్గరపడింది, మిషన్లేమో మూలబడ్డాయి. మొదటి శనివారం ఆయన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

“ఏటి బాబూ, సూడ్డానికొచ్చావా?” అన్నాను.

“నాను ముట్టుకోను దీదీ. స్క్రూలు మీరే ఇప్పండి. ఎలాగో సెప్తాను.”

ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. తిట్టుకుంటూ విప్పాను, తప్పుగా బిగించాను, మళ్ళీ విప్పాను. వెనక్కి కట్టుకున్న ఆయన వేళ్ళు తహతహలాడేవి కానీ ముందుకు రాలేదు. చివరికి మిషన్లు తిరిగాయి, యూనిఫాంలు గడువులోనే అందాయి.

ఆయనకు బదిలీ అయిన రోజు అందరూ పొగిడారు. నేను ఊరుకోలేదు.

“మా మిషను ఒక్కటైనా బాగుసేసావా నువ్వు?”

ఆయన ముఖం వెలిగిపోయింది. “ఇదే మాట మా పెద్ద సాబ్‌కి రాసియ్యండి దీదీ! అన్నీ మీరే బాగుసేసుకున్నారని ఆయనకి తెలవాలి.”

రాసిచ్చాను. నా ఫిర్యాదు కోసం రెండు చేతులూ ముందుకు చాచిన మనిషి ఆయనొక్కడే.