సోలార్ కుక్కర్ అన్నం

ఎనభైల్లో రాయపూర్ స్టేషన్ వెయిటింగ్ రూములో ఒక పెద్దావిడ తెలుగు విని మాట కలిపాను. దేవేంద్ర నగర్లో సోలార్ కుక్కర్లు అమ్మే ఆయన ఇంట్లో వంట చేసేదట. ఆయన మా కాలనీలో గంటలో అన్నం వండి చూపిస్తేనే నేనూ ఒకటి కొన్నాను.

"ఆ అన్నం పొద్దున్నే బొగ్గుల పొయ్యి మీద నేనే వండేసేదాన్ని బాబూ. పచ్చి బియ్యం గిన్నే అనిపించేలా మూతేసి, అదే ఆ కుక్కర్ పెట్టెలో పెట్టేవారు. ఎండకీ ఉడుకుతాది, కాకపోతే మూడు గంటలు పడతాది. పబ్లిక్ అంతసేపు ఆగరని సాబ్‌కి భయం," అందావిడ, అరటిపండు ఒలుచుకుంటూ.

మా ఇంట్లో గంటకి తీస్తే ఎప్పుడూ పలుకే. నీకే చేతకాదని మా ఆవిడని రెండేళ్లు తిట్టాను. ఇప్పుడా పెట్టెలో ఆమె అప్పడాలు దాచుకుంటోంది. పెద్దావిడ చెప్పిన మాట ఆమెకి నేనింతవరకూ చెప్పలేదు.