సంచిలో కత్తి

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నేను పెనుకొండలో గుమాస్తాగా పనిచేసేవాణ్ణి. ఆదివారాలు హిందూపురంలో స్నేహితుడి కొలిమికి వెళ్లి, సరదాకి కత్తులు చేయడం నేర్చుకునేవాణ్ణి. పాత లారీ కమాను పట్టీని ఎర్రగా కాల్చి, సాగగొట్టి, నీళ్లలో ముంచగానే నా కత్తి చిట్లిపోయేది. చేతులు బొబ్బలెక్కడమే మిగిలేది. విసుగొచ్చి ఒకసారి ముంచీ ముంచకుండా తీశాను. అది నిలిచింది. అక్కకు ఇద్దామని సంచిలో పెట్టుకుని ధర్మవరం బస్సెక్కాను.

అవి ఎన్నికల రోజులు. దారిలో బస్సును తనిఖీ చేసిన కానిస్టేబుల్ కత్తి చూసి నన్ను కిందికి దింపాడు.

"ఎవురికప్పా ఇది, యాడికి తీస్కపోతాండావు?"

"ధర్మవరం సార్, మా అక్కకు. కూరగాయలు తరుక్కునేదానికి నేనే చేసినా."

ఆయన నమ్మలేదు. పక్కన అమ్ముతున్న దోసకాయ ఒకటి తీసుకుని కోశాడు. తొక్క నలిగింది గానీ తెగలేదు. నీళ్లలో సరిగా ముంచని ఉక్కు మెత్తగానే ఉండిపోయిందేమో, గట్టిగా అదిమితే కత్తే వంగింది.

"దీంతో నువ్వెవుర్ని పొడుస్తావులే. పో, బస్సెక్కు" అని దాన్ని నా చేతికిచ్చాడు. బస్సంతా నవ్వింది.

కేసు తప్పిందని అక్క దేవుడికి దండం పెట్టింది. నాకు మాత్రం ఇప్పటికీ కడుపు మంటే. ఆయన నన్ను స్టేషనుకు తీసుకెళ్లి ఉంటే, నేను చేసింది కత్తేనని ఒక్కరైనా ఒప్పుకున్నట్లుండేది.