మార్చనక్కర్లేని బోర్డు

2002 వర్షాకాలంలో నా పోస్టింగు అబిడ్స్‌లో, గన్‌ఫౌండ్రీ వైపు తిరిగే ఒక సందులో, ఎలక్ట్రానిక్ విడిభాగాల దుకాణం వెనక బల్ల దగ్గర. పోస్టింగు అన్నానని నవ్వొద్దు. మా దుకాణంలోనూ హోదాలు ఉండేవి. గల్లా దగ్గర సేఠ్ కూర్చుంటాడు. కౌంటర్లో సేల్స్‌మన్ నిలబడతాడు. అతనికి కుర్చీ లేదు. వెనక బల్ల టెక్నీషియన్‌ది. అతనికి కుర్చీ, టేబుల్ ఫ్యాను, సోల్డరింగ్ ఐరన్, ముందు రెండు హోదాల వాళ్ళ చేతా తిట్లు తినే హక్కు ఉంటాయి. ఎనిమిదో తరగతిలో లెక్కల మాస్టారూ నేనూ పరస్పర అంగీకారంతో విడిపోయాక, చాలా ఏళ్ళు కౌంటర్లో నిలబడి ఆ కుర్చీ సంపాదించాను.

రేడియోలు, స్టెబిలైజర్లు బాగుచేయడం నా అసలు పని. ఆ రోజుల్లోనే మైక్రోకంట్రోలర్ల గిరాకీ మొదలైంది. మైక్రోకంట్రోలర్ అంటే ఒకే చిప్పులో ఇమిడిన చిన్న కంప్యూటర్. ఏం చెయ్యాలో ముందే దాంట్లో రాసిపెడితే, కరెంటు ఇచ్చినప్పుడల్లా అదే చేస్తుంది, ఎదురు చెప్పదు. వైర్లు కలుపుకోవడానికి వీలుగా ఆ చిప్పును బిగించిన పలకనే బోర్డు అంటాం. ఎక్కువగా ఇంజనీరింగ్ విద్యార్థులు వచ్చి అడిగేవాళ్ళు. నిజానికి వాళ్ళు అడిగేది బోర్డు కాదు, మార్కులు. ఈ విద్య నాకెవరూ నేర్పలేదు. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద గుట్టలుగా పోసే పాత ఎలక్ట్రానిక్స్ పత్రికలు కొనుక్కొని, వాటిలో అచ్చయిన ప్రోగ్రాములు కొట్టి చూస్తూ, పనిచేయనప్పుడల్లా పత్రికను తిడుతూ నేర్చుకున్నాను.

మార్కుల అవసరం లేకుండా బోర్డు అడిగిన మొదటి మనిషి డేనియల్ సార్. మెదక్ వైపు మిషన్ బడిలో చదువుకొని, టెలిగ్రాఫ్ ఆఫీసులో జీవితమంతా మోర్స్ కొట్టి రిటైరైన మనిషి. చుక్కలూ గీతలతో అక్షరాలు పంపే పద్ధతి మోర్స్. నాంపల్లి స్టేషన్ దగ్గర కిరాయి ఇంట్లో ఉండేవాడు. ఆయన వ్యాపకం హామ్ రేడియో. ప్రభుత్వం పరీక్ష పెట్టి లైసెన్సు ఇస్తుంది, ఒక్కొక్కరికి ఒక గుర్తు కేటాయిస్తుంది. దాన్ని కాల్‌సైన్ అంటారు. డాబా మీద తీగ కట్టి, చేత్తో చేసుకున్న సెట్టుతో ఎక్కడెక్కడి వాళ్ళతోనో సంభాషించవచ్చు. సార్ తీగ మీద పక్కింటివాళ్ళు తువ్వాళ్ళు ఆరేసేవాళ్ళు. అవి తడిగా ఉంటే బందరు, పొడిగా ఉంటే బెజవాడ పలుకుతాయని నేను ఆటపట్టించేవాణ్ణి.

ప్రతి ఆదివారం పొద్దున రిటైరైన టెలిగ్రాఫ్ మిత్రులు కొందరు రేడియోలో కలుసుకునేవారు. మోర్స్‌లో మాత్రమే. మైకులో మాట్లాడొచ్చు కదా అంటే సార్ ముఖం చిట్లించి, "మైకుల కూరగాయలమ్మెటోడు గూడ మాట్లాడ్తడు" అన్నాడు.

సమస్య ఆయన చెయ్యి. రెండేళ్ళుగా వణుకు. నాలుగు చుక్కలు కొట్టాల్సిన చోట ఐదు పడుతున్నాయి. నాలుగైతే ఒక అక్షరం, ఐదైతే ఒక అంకె. క్షేమసమాచారం పంపితే అవతలివాళ్ళకి కరెంటు బిల్లులా చేరుతోంది. మళ్ళీ కొట్టు, మళ్ళీ కొట్టు అని అడిగి అడిగి, మర్యాదస్థులు కాబట్టి మెల్లగా అడగడం మానేశారు. ఒక్కొక్కరే జారుకున్నారు. బందరులో ఉండే మూర్తి గారొక్కరే మిగిలారు. ఆయనా పోతే సెట్టు అమ్మేస్తానని సార్ చెప్పాడు. ఆ మాట నవ్వుతూనే చెప్పాడు గానీ, చెప్పినంతసేపూ వణికే చేతిని రెండో చేత్తో పట్టుకునే ఉన్నాడు.

నేను చెప్పిన ఉపాయం ఇది. మోర్స్ కొట్టే మీట, అంటే కీ, దాని బదులు రెండు రేకులు పెట్టుకుందాం. ఒక రేకు తాకితే చుక్క, రెండోది తాకితే గీత. వేలు వణికి రెండుసార్లు తగిలినా బోర్డు ఒకటిగానే లెక్క కట్టి, సరైన కొలతతో పంపుతుంది. అక్షరాల మధ్య ఖాళీలు కూడా అదే కొలుస్తుంది. రేకులకి హాక్సా బ్లేడు ముక్కలు చాలు. చెయ్యి ఎంత ఊగినా అడుగు కదలకుండా పాత ఇస్త్రీ పెట్టె బరువు పలక ఉంది. ఇక మిగిలింది బోర్డు. అది చవకగా ఉండాలి. ఎందుకంటే ఇది పెన్షన్ మీద నడిచే సరదా.

కౌంటర్ మీద ఉన్నవన్నీ పరిచాను. సార్ భూతద్దం తెచ్చుకున్నాడు. బోర్డులు కొనేవాళ్ళను చాలామందిని చూశాను గానీ, పెళ్ళిచూపులకు వచ్చినట్టు చూసినవాడు ఆయనొక్కడే.

ముందు కాలేజీ కిట్టు చూపించాను. భోజనం పళ్ళెమంత ఉంటుంది, మీటలు, ఎర్రగా వెలిగే అంకెలు, చూడ్డానికి ఘనంగా ఉంటుంది. కానీ కరెంటు పోతే రాసిందంతా మర్చిపోతుంది.

"కరెంటు వోకుంట నాంపల్లి ఎన్నడున్నదయ్యా?" అని పక్కకు జరిపేశాడు.

తపాలా బిళ్ళంత విదేశీ బోర్డు ఒకటి ఉంది. దాని ధర చెప్పాక సార్ బోర్డును కాక నన్ను చూశాడు. అదీ పక్కకు జరిగింది. తర్వాత, నడినెత్తిన గాజు కిటికీ ఉన్న చిప్పు. ఆ కిటికీలోంచి ఒక ప్రత్యేకమైన దీపం వెలుగు కాసేపు పడితే రాసింది చెరిగిపోతుంది, మళ్ళీ రాసుకోవచ్చు. అది సార్‌కి తెగ నచ్చింది. కిటికీలోంచి చాలాసేపు లోపలికి చూశాడు.

"లోపట ఏం కనవడ్తలేదు."

"ఇంకా ఏం రాయలేదు కద సార్, ఏం కనపడుతుంది?" అన్నాను. నిజానికి రాసినా కనపడదు.

చివరికి పోటీ రెండింటి మధ్య నిలిచింది. రెండూ ఇంచుమించు ఒకేలా ఉండే చిన్న ఆకుపచ్చ బోర్డులు. మొదటిదాన్ని కంప్యూటర్ ప్రింటరు తగిలించే చోట నాలుగైదు వైర్లతో కలిపితే, చిప్పు ఊడదీయకుండానే ఎన్నిసార్లైనా చెరిపి రాయొచ్చు. రెండోదాంట్లో చిప్పు ఒక్కసారి మాత్రమే రాసుకునేది. రాశాక ఇక అంతే. కొట్టంతటిలోకీ చవక అదే.

మార్చుకునే వీలున్నది తీసుకొమ్మని నేను సలహా ఇచ్చాను. సార్ భూతద్దం మడిచి జేబులో పెట్టాడు.

"శేషూ, గీ మోర్స్ నేను పుట్టకముందు సంది గిట్లనే ఉన్నది. నేను వోయినంక గూడ గిట్లనే ఉంటది. గీతంటే మూడు చుక్కలంత. అక్షరాల నడుమ మూడు చుక్కలంత జాగ. మాటల నడుమ ఏడు. గిండ్ల మార్చుడేముందయ్యా?"

మా వృత్తిలో కొనేవాడి లెక్క సరిగ్గా ఉంటే ఇంకో మాట అనం. ఒక్కసారి రాసే చిప్పునే ఇచ్చాను. ఆయన చెప్పిన కొలతలు అంకె తేడా లేకుండా రాశాను. వణుకును పట్టించుకోని భాగాన్ని మాత్రం కిటికీ చిప్పు మీద ముందుగా సరిచూసుకొని, తర్వాత అసలుదాంట్లోకి ఎక్కించాను. బల్ల దగ్గరే పరీక్షించాం. వేళ్ళు ఊగుతూనే ఉన్నాయి, మోత మాత్రం ముత్యాల్లా వచ్చింది. ట్రైనింగులో తమ మాస్టరు గిట్లనే కొట్టెటోడని సార్ పొంగిపోయాడు. సేఠ్ కూడా గల్లా వదిలి వచ్చి విన్నాడు. అది మా దుకాణంలో అరుదైన గౌరవం.

రెండు ఆదివారాలు గడిచాక సార్, రేకులూ బోర్డూ బిగించి ఇచ్చిన డబ్బాను సంచిలో పెట్టుకొని వచ్చాడు. గొడుగు మడవకుండానే మొదలుపెట్టాడు.

"దొంగనంటున్నడయ్యా నన్ను!"

సంగతేమిటంటే, మూర్తి గారు రేడియోలో ఈ మోత విని, 'ఇది నా మిత్రుడి కాల్‌సైన్, మీరెవరు వాడుతున్నారు' అని అడిగారు. సార్ తన పేరు కొట్టాడు. మరింత అనుమానం వచ్చింది. మన రంగంలో ఇంకొకరి కాల్‌సైన్ వాడటం నేరం, లైసెన్సు పోతుంది అని హెచ్చరించి మూర్తి గారు సెట్టు కట్టేశారు. రెండో ఆదివారమూ అంతే.

"ఫోన్ చెయ్యలేకపోయారా?" అన్నాను.

చేశాడట. మూర్తి గారు చెప్పింది విన్నాకే డబ్బా సంచిలోకి ఎక్కింది. ఆయన అన్నదాన్ని సార్ బందరు యాసతో సహా అప్పజెప్పాడు: "నువ్వేనని ఒప్పుకుంటానోయ్, కాదనను. కానీ అది టైపు మిషను కొట్టినట్టుంది. నీతో మాట్లాడినట్టే లేదు. ఏం వినను చెప్పు?"

సార్ డబ్బాను బల్ల మీద పెట్టాడు. "గాడ మూర్తి నేను నేను కాదంటడు. గీడ ఇంట్ల చాయ్ గూడ బంద్ అయింది. జర నా రేడియో సెట్టుకు గిరాకిని చూడు శేషూ. నాకొద్దు."

చాయ్ సంగతిని నేను ఆయన మామూలు వేళాకోళంలో జమకట్టాను. నాకు పట్టుకున్నది వేరే ప్రశ్న. కొలత ప్రకారం ఇంతకంటే సరైన మోర్స్ ఉండదు. మరి మూర్తి గారికి ఏం వినపడలేదు? మీ పాత పద్ధతిలో తేడా ఏముండేది సార్ అని అడిగాను. ఏం లేదు, పుస్తకం ప్రకారమే కొడతానన్నాడు. కీ మీద కొట్టి చూపించమంటే వణుకు తప్ప ఏమీ తెలియలేదు. సెట్టు కొనేవాళ్ళను వెతికే ముందు ఒకసారి ఇంట్లో వింటానని చెప్పాను.

ఆ ఆదివారం వాళ్ళ చర్చి ఆరాధన సాయంత్రం. పొద్దున నేను నాంపల్లి వెళ్ళాను. సార్ భార్య సుగుణమ్మ గారు బడి పంతులమ్మగా చేసి రిటైరైన మనిషి. వంటింటి గడప దగ్గర చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు. సార్ డబ్బాతో ఏదో కొట్టాడు. నేను తల పంకించాను, అర్థమైనట్టు. ఊరికే ఉండలేక, సార్ ఇదివరకు ఎలా కొట్టేవారమ్మా అని ఆవిడను అడిగాను.

"ఆమెకు మోర్స్ రాదయ్యా" అన్నాడు సార్.

"అక్షరాలు నాకు రావు" అన్నారావిడ, కాయ తుంచుతూ. "ఇన్నేండ్లాయె, మోత తెల్వదా? అన్నీ ఐనంక ఆఖరుకు ఒక్కటి పొడుగ్గ లాగుతుండె ఈయన. అది వినవడంగనే చాయ్ వెడ్తుంటి. ఈ డబ్బ వచ్చినంక గా పొడుగు మోత లేదు. ఐపోయిందో లేదో నాకెట్ల తెల్వాలె?"

నేను సార్ వైపు చూశాను.

"అబద్ధం. పుస్తకంల లేనిది నేను కొట్ట."

"పుస్తకంల లేనివి మస్తు జేస్తడు" అన్నారావిడ నాతో.

రేడియో వాళ్ళు సంభాషణ ముగించేటప్పుడు శుభాకాంక్షలకి గుర్తుగా డెబ్బై మూడు అనే అంకె పంపుతారు. మోర్స్‌లో మూడు అంకె రెండు గీతలతో ముగుస్తుంది. సార్ ఆ ఆఖరి గీతను సాగదీసేవాడన్నమాట. వెంటనే బందరుకి ఫోన్ చేయించాను. మూర్తి గారు సాక్ష్యం బలపరిచారు. పైగా ఇంకోటి కలిపారు. డేనియల్ తన పేరు కొట్టబోయే ముందు ఒక్క క్షణం ఆగేవాడట, గొంతు సవరించుకున్నట్టు. సార్ ఫోన్ పెట్టేసి డబ్బాను అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత, "డిపార్ట్‌మెంట్ల ఎవ్వడు జెప్పలేదయ్యా నాకు" అన్నాడు.

ఇప్పుడు చిక్కు నా వైపు. మార్చాల్సింది రెండే ముక్కలు. కొన్నది మార్చలేని చిప్పు. దాన్ని తాళంచెవి గొలుసుకి తగిలించుకోవడం తప్ప చెయ్యగలిగిందేమీ లేదు. కాబట్టి మేము పక్కన పెట్టిన, చెరిపి రాసుకునే ఆ మొదటి ఆకుపచ్చ బోర్డే మళ్ళీ బయటికొచ్చింది. సుగుణమ్మ గారు సండే స్కూలు పాఠాలు టైపు చేసుకునే పాత కంప్యూటరుకి ప్రింటరు ఊడదీసి, అక్కడ నా వైర్లు పెట్టాను. పేరుకి ఒక బొత్తాం, డెబ్బై మూడుకి ఒక బొత్తాం అదనంగా బిగించాను. మిగతా అక్షరాలు పుస్తకం ప్రకారమే ఉంచాను. పేరు ముందు ఆగాల్సిన క్షణాన్ని మూర్తి గారు ఫోన్లో విని ఖాయం చేశారు.

ఆఖరి గీత అంత సులువుగా లొంగలేదు. ఎంత పొడుగు ఉండాలో సార్‌కి తెలియదు. తాను అలా కొట్టేవాడినని ఒప్పుకోడానికే ఆయనకి కష్టంగా ఉంది. నేను అంకె మార్చి రాయడం, సార్ బొత్తాం నొక్కడం, వంటింట్లోంచి తీర్పు రావడం.

"ఊహుఁ. ఇది వేరెటోళ్ళది."

మళ్ళీ రాశాను.

"గిది రైలు కూత. స్టేషన్లది చాలదా మాకు?"

మళ్ళీ. ఈసారి సార్ నాతో పందెం వేసినట్టు చూశాడు. నేను ఇంకో అంకె కోసం మీటల మీద చెయ్యి పెట్టేసరికి వంటింట్లో అగ్గిపుల్ల గీసిన చప్పుడైంది. గిన్నె పొయ్యి మీద పెట్టిన చప్పుడూ వినిపించింది.

"ఆగు" అన్నాడు సార్. "ముట్టుకోకు దాన్ని."

తర్వాతి ఆదివారం నేను అక్కడే ఉన్నాను. సార్ కాల్‌సైన్ పంపాడు, ఆగాడు, పేరు పంపాడు. అవతలి నుంచి టకటకా వచ్చింది. నాకు మోర్స్ రాదు కనుక సార్ ముఖమే చూస్తూ కూర్చున్నాను.

"ఏమంటున్నారు సార్?"

"ఇన్ని దినాలు ఎటువోయినవ్ అని అడుగుతుండు" అన్నాడు సార్. అంతకుముందు రోజే వాళ్ళిద్దరూ ఫోన్లో మాట్లాడుకున్నారు.

సెట్టుకి గిరాకీ వెతికే పని నాకు తప్పింది. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఆ బల్ల దగ్గర చాలా రకాల బోర్డులు అమ్మాను. అవి చిన్నవయ్యాయి, చవకయ్యాయి, అడిగేవాళ్ళు తెలివిమీరారు. ఎంత మెమరీ, ఎంత వేగం, ఎంత ధర అని వాళ్ళు నన్ను అడిగేవాళ్ళు. నేను మాత్రం ఒక్కటే అడిగేవాణ్ణి: మీ పనిలో ఎప్పటికీ మార్చనక్కర్లేదని మీరు అనుకుంటున్నది ఏది? వాళ్ళు చెప్పేవాళ్ళు. దాన్ని మార్చుకునే వీలున్న బోర్డు ఇచ్చి పంపేవాణ్ణి.