చేతికి పసుపుకొమ్ము కట్టుకుని వెళ్లిన అక్క

మొన్న శుక్రవారం పొద్దున దీపం వెలిగిస్తుంటే చేవెళ్ల నుంచి ఫోన్ వచ్చింది. "చిన్నమ్మా, అమ్మ పోయింది" అంది మా బావగారి కూతురు. ఒత్తి అంటుకుంది గానీ నా నోట దేవుడి పేరు రాలేదు.

పోయింది మా పెద్ద యారాలు, మా బావగారి భార్య. నేను అక్కా అని పిలిచేదాన్ని. మాది మొయినాబాద్, వాళ్లది చేవెళ్ల పక్కన పూలతోట. చామంతులు కోసేటప్పుడు మొదటి దోసెడు దేవుడికని కొంగులో వేసుకునేది. నాకెప్పుడు దుఃఖం వచ్చినా, "ఏడ్వు, కానీ పొయ్యి మీద పాలు జర సూసుకుంట ఏడ్వు" అనేది.

గండిపేట దారంతా కంపెనీ క్యాబులు, వెంచర్ల జెండాలు కనబడుతున్న కాలంలోనే అక్క కూతురికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది. ఆ కంపెనీ ఉద్యోగుల తల్లిదండ్రులకు ఏటా అన్ని పరీక్షలూ చేయించేది. అందులో రొమ్ముకు తీసే ఎక్స్‌రే, మామోగ్రామ్ కూడా ఉంది. అక్కకు ఏ బాధా లేదు. అయినా పిల్ల పట్టుబట్టి తీసుకెళ్లింది.

లోపల మెడలో ఏమీ ఉండకూడదన్నారట, పుస్తెలతాడుతో సహా. "పెనిమిటి బతికుండంగ పుస్తెలు తీస్తరా బిడ్డా? నువ్వు తీస్తవా?" అని అక్కడి అమ్మాయినే ఎదురడిగి, జాకెట్టు వేసుకుని వచ్చేసింది.

మరుసటి ఏడు మళ్లీ కూతురు బతిమాలింది. ఉపాయం అక్కే కనిపెట్టింది. పుస్తెలతాడు పెరిగినప్పుడు, అంటే తెగినప్పుడు, మా ఇళ్లలో కొత్తది వచ్చేదాకా పసుపుకొమ్ము దారానికి కట్టి మెడలో వేసుకుంటాం. మెడలో వద్దన్నారు కాబట్టి అక్క దాన్ని మా బావగారితో చేతికి కట్టించుకుంది. "నువ్వు గూడ రా, తోడుంటవ్" అని నన్నూ బయలుదేరదీసింది.

మీలో ఎవరైనా ఆ పరీక్షకు వెళ్లేవారుంటే ఒక మాట. ఆ రోజు చంకల్లోగానీ రొమ్ముల మీదగానీ పౌడరు, క్రీము, సెంటు రాసుకోవద్దు. చిత్రంలో అవి మచ్చల్లా కనబడతాయి. జాకెట్టు తీసి నిలబడితే రొమ్మును ఒక పలక మీద పెట్టి, పైనుంచి ఇంకో పలకతో అదుముతారు. ఊపిరి బిగబట్టమంటారు. ఒక్కో పక్క రెండేసి చిత్రాలు. నొప్పి ఉంటుంది, కానీ కొన్ని క్షణాలే. మళ్లీ రమ్మన్నంత మాత్రాన రోగమని కాదు.

ఇవేవీ అప్పుడు నాకు తెలియవు. అక్క ముందు వెళ్లి బయటికి రాగానే, "ఎట్లున్నదక్కా?" అని అడిగాను.

"జొన్నరొట్టెను అదిమినట్టే అదుముతది. మీ బావ మీద కోపమొస్తె నేను పండ్లు బిగవట్టనా? గట్లనే బిగవట్టు."

నేను నవ్వుతూ లోపలికి వెళ్లాను.

నాకు ఏమీ లేదన్నారు. అక్కను మళ్లీ రమ్మన్నారు. సూదితో ముక్క తీసి చూసి, క్యాన్సరన్నారు. తర్వాత ఒక రొమ్ము తీసేశారు. బావగారు డాక్టరమ్మను ఒక్కటే అడిగారు: "అమ్మా, పోయినేడే తీపిచ్చుకుంటె చిన్నగున్నప్పుడే దొరుకుతుండెనా?"

ఆమె చిత్రం మళ్లీ ఒకసారి చూసి, "చెప్పలేమండీ" అంది.

"ఇగ అడగకు" అంది అక్క, ఆయన చెయ్యి పట్టుకుని.

మందుల వల్ల జుట్టంతా రాలిపోయాక, తలకు కొంగు కప్పుకుని తోటలో పూలు కోసే ఆడవాళ్లను చుట్టూ కూర్చోబెట్టుకునేది. "పుస్తెలు జరసేపు పక్కకు వెడితే పెనిమిటికేం గాదు. మనమే పోతె ఆయనకెవరే దిక్కు?" అని చెప్పేది. కొందరు వెళ్లి చూపించుకున్నారు. అక్క రోగం మాత్రం ఎముకలకు పాకింది. నేను రోజూ దీపం దగ్గర ఆమె పేరు చెప్పుకున్నాను. అంతకు మించి నాకు చేతనయింది లేదు.

శుక్రవారం మధ్యాహ్నం ఆమెకు స్నానం చేయించాం. "అదృష్టవంతురాలు, పసుపు కుంకుమలతోని పోయింది" అని చుట్టూ ఆడవాళ్లు అంటున్నారు. కూతురు చెంబుతో నీళ్లు పోస్తుంటే నేను ఒంటికి పసుపు రాశాను. మెడకు, భుజాలకు, ఒక పక్క ఎదకు. రెండో పక్క కుట్ల గీత దగ్గరికి వచ్చేసరికి, నొప్పి పెడుతుందేమోనని, చెయ్యి తేలిక చేశాను.